గోడవతల బాలింత

చిత్తకార్తె కుక్కలన్న మాట మనకి తిట్టుగానే మిగిలిపోయింది కానీ, అందులో ఓ లెక్క ఉంది. అక్టోబరు 10, 11 తేదీల్లో మొదలై 23 దాకా సాగే ఆ కార్తెలో చూలు కట్టిన ఆడకుక్కకి 63 రోజులు కలిపి చూడండి. డిసెంబరు రెండోవారం నుంచి 25 దాకా వస్తుంది. అంటే ధనుర్మాసం. విశాఖపట్నంలో చినవాల్తేరు, పెదవాల్తేరు, కంచరపాలెం, జ్ఞానాపురం సందుల్లో పెరిగినవాళ్ళకి ఆ నెలంటే గుడి మైకులో తిరుప్పావై, తెల్లారకుండానే ముగ్గులు, గొబ్బెమ్మలు. వాటితోపాటు ఎవరింటి పెరట్లోంచో కళ్ళు తెరవని కుక్కపిల్లల కుయ్యికుయ్యి. ఆ చప్పుడు కుక్కగలవాళ్ళ కంటే గోడకి ఇవతలి వాళ్ళకే ఎక్కువ వినపడేది. వాళ్ళ పడగ్గది వీధివైపు, వాళ్ళ పెరడు మన వంటింటి కిటికీ వైపు. పాత ఇళ్ళ కట్టుబడే అంత.

ఆ రోజుల్లో కుక్కని పెంచడం అనేవారు కాదు, కుక్కని కట్టడం అనేవారు. "వాళ్ళింట్లో కుక్కని కట్టేరు, గేటు తియ్యకండర్రా" అని పిల్లలకి చెప్పేవారు. జామచెట్టుకో, నూతి పక్కన పాతిన గుంజకో ఒక గొలుసు. రాత్రి మిగిలిన అన్నంలో కాస్త చారు, చేపలు వండిన రోజు ముళ్ళు. దాన్ని నిర్లక్ష్యమని ఎవరూ అనుకోలేదు. ఇంటాయన పోర్టులోనో షిప్‌యార్డులోనో షిఫ్టు డ్యూటీకి పోయేవాడు. ఇంటావిడకి కుళాయి వచ్చిన గంటలో బిందెలన్నీ నింపుకోవాలి. వాళ్ళకి కుక్క మీద చెడ్డమనసు లేదు, దాని ధ్యాసే లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. గోడవతల కుక్క గురించి నిద్రపట్టనివాళ్ళు చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. పక్కింటివాళ్ళని దుర్మార్గుల కింద కట్టేసి మొదలుపెడితే ఆ గేటు మనకి మూసుకుపోతుంది. గేటు మూసుకుపోయాక ఆ కుక్కకి చేయగలిగింది ఏమీ ఉండదు.

వీధి మామ్మలకి ఇది బాగా తెలుసు. పిల్లల్ని పెట్టిన కుక్కని వాళ్ళు "బాలింత" అనేవారు. "బాలింతరా అది, దాని జోలికెళ్ళకండి. ఈ గంజి పట్టుకెళ్ళి గిన్నెలో పొయ్యి" అనేవారు. మడి, ఎంగిలి, మైల అని వంద పట్టింపులున్న ఆవిడే గోడ మీంచి గోరువెచ్చటి గంజి వంచేది. పిల్లల్ని ముట్టుకునేది కాదు. పిల్లలు ఎన్నున్నాయో కూడా అడిగేది కాదు. తల్లి కడుపు నిండితే పిల్లల సంగతి తల్లే చూసుకుంటుందని ఆవిడ లెక్క. పశువైద్యం ఇన్నేళ్ళు ముందుకెళ్ళాక కూడా ఆ లెక్కలో దిద్దాల్సింది పెద్దగా లేదు. కుక్కపిల్లల కోసం బెంగపడేవాళ్ళు ముందు చూడాల్సింది తల్లి గిన్నెనే.

గోడ దగ్గర ఒక్క ఐదు నిమిషాలు నిలబడి చూస్తే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. కడుపునిండా పాలు తాగిన పిల్లలు గుట్టగా పడుకుని నిద్రలో ఉలిక్కిపడినట్టు కాళ్ళు, మూతి అదిలిస్తూ ఉంటాయి. ఆ అదురు మంచి లక్షణం, జబ్బు కాదు. చలేస్తే ఒకదాని కిందికి ఒకటి దూరి గట్టిగా ముద్దకడతాయి. ఉక్కపోస్తే దేనికది దూరంగా పాకి చాపలా పరుచుకుంటాయి. ఆగకుండా సన్నగా, ఒకే శ్రుతిలో ఏడుస్తున్నాయంటే ఆకలన్నా అయి ఉండాలి, చలన్నా అయి ఉండాలి. అన్నిటికంటే భయపడాల్సింది గుట్టకి దూరంగా ఒక్కటే పడి ఉన్న పిల్లని చూసి. అది ఏడవదు. ముట్టుకుంటే చల్లగా, తడి గుడ్డలా వేలాడుతుంది. దానికి గంటల వ్యవధే ఉంది.

తల్లిని చూడాల్సింది వెన్ను దగ్గర. తుంటి ఎముకలు రెండూ కొక్కేల్లా పైకి తేలాయా, పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టడానికి వస్తున్నాయా చూడాలి. బాలింత కుక్క కాస్త చిక్కడం మామూలే, తొడల మీద కండ కరిగిపోవడం మామూలు కాదు. దగ్గరికి రానిస్తే పెదవి ఎత్తి చిగుళ్ళు చూడాలి. లేత గులాబీరంగు ఉండాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే నెత్తురు లేదని అర్థం. మన తీరంలో దానికి ముఖ్యమైన కారణాలు గోమార్లు, కొంకిపురుగులు. గోమార్లు చెవి లోపలి మడతల్లో, కాలివేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద చేరతాయి. కొంకిపురుగులు పేగులకి కరుచుకుని నెత్తురు పీలుస్తాయి.

ఇక ఆ గొలుసు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సముద్రం పక్కనున్న ఊళ్ళో గొలుసు తీరే వేరు. కొత్తగా కొన్నప్పుడు ఆరడుగులుంటుంది. రెండు కొసల్లోనూ కొక్కేనికి ఒక తిరుగుడు మెడ ఉంటుంది. కుక్క ఎటు తిరిగినా గొలుసు మెలిపడకుండా చూసేది ఆ మెడే. ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది కూడా అదే, నాలుగైదు నెలలకే. అది బిగుసుకుపోయిందంటే కుక్క చెట్టు చుట్టూ తిరిగిన ప్రతి తిరుగుడూ గొలుసులోకి మెలికగా ఎక్కుతుంది. ఆరడుగుల గొలుసు వారానికల్లా మూడడుగులవుతుంది. గొలుసు పొట్టిదైందని ఇంట్లోవాళ్ళకి తెలియనే తెలియదు, వాళ్ళ దృష్టిలో అది కొన్నప్పటి గొలుసే. నేల చూస్తే తెలుస్తుంది. చెట్టు చుట్టూ గడ్డి మొలవకుండా గుండ్రంగా గట్టిపడ్డ వలయమే ఆ కుక్క లోకం. ఆ వలయం లోపల మళ్ళీ కొత్తగా అరిగిన చిన్న వలయం కనపడితే గొలుసు మెలిపడ్డట్టే.

మామూలు కుక్కకి ఇది బాధ. బాలింతకైతే పిల్లల ప్రాణం మీదికొస్తుంది. మూడోవారంలో పిల్లలు నడక మొదలుపెడతాయి. ఒకటి వలయం దాటి నాలుగడుగులు వెళ్ళి నీళ్ళ కాలవలో పడిందంటే తల్లి గొలుసు చివరిదాకా వెళ్ళి లాక్కుంటూ అరవడం తప్ప ఏమీ చేయలేదు. రాత్రంతా కుక్క మొరిగిందని పొద్దున్న విసుక్కునేవాళ్ళు ఒకసారి కాలవలోకి తొంగిచూడాలి. గొలుసు మెలికల్లో పిల్ల మెడో కాలో చిక్కుకోవడం కూడా జరిగేదే. అందుకే బాలింతని కట్టకూడదు. గేటు వేసి పెరట్లో వదిలేస్తే చాలు, పిల్లల్ని వదిలి అది ఎక్కడికీ పోదు. కట్టక తప్పదంటే ఇత్తడి తిరుగుడు కొక్కెం కొనివ్వాలి, హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. దానికి నెలకోసారి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వెయ్యాలి. గొలుసు పిల్లల పక్కకి రాకుండా కట్టాలి. మెడపట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. దూరకపోతే ఆ పూటే మార్చాలి. కుక్కపిల్లప్పుడు కట్టిన పట్టీ కుక్క పెరిగాక చర్మంలోకి కోసుకుపోవడం, అందులో ఈగ గుడ్లు పెట్టి పురుగులు పట్టడం ఈ ఊళ్ళో వానాకాలం పశువైద్యులు తరచూ చూసేదే.

నీళ్ళ గిన్నె కూడా గొలుసు వల్లే ఖాళీ అవుతుంది. సత్తు గిన్నె పెడతారు, గొలుసు తగిలి పొద్దున్న ఎనిమిదికే బోర్లా పడుతుంది, సాయంత్రం దాకా అంతే. పాలిచ్చే తల్లికి రోజుకి రెండు లీటర్లకి తక్కువ కాకుండా నీళ్ళు కావాలి. నీళ్ళు తగ్గిన పూటే పాలు తగ్గుతాయి. పాతకాలంలో దీనికి మంచి ఉపాయం ఉండేది. ఇంట్లో వాడని చిన్న రోలు పెరట్లో పెట్టి నింపేవారు. ఎంత లాగినా పడదు, రాయి కాబట్టి నీళ్ళు చల్లగా ఉంటాయి. ఇప్పుడు రోలు దొరక్కపోతే మొక్కల షాపుల్లో అమ్మే సిమెంటు తొట్టి, కన్నం లేనిది. లోతు జానెడు కంటే తక్కువ ఉండాలి, లోపలో ఇటుక ఆనించాలి. లేకపోతే నడక వచ్చిన పిల్లలు అందులో పడితే పైకి రాలేవు.

తిండి సంగతి. పన్నెండు, పదిహేను కిలోల ఊరకుక్క ఐదారు పిల్లలకి పాలిస్తున్నప్పుడు, ముఖ్యంగా మూడు, నాలుగు వారాల్లో, మామూలుగా తినేదానికి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు కావాలి. కొలతల్లో చెప్పాలంటే రోజు మొత్తానికి 300 గ్రాముల బియ్యం అన్నం, అందులో 300 గ్రాముల దాకా ఉడికించిన కోడి ముక్కలు, రెండు గుడ్లు, ఒక చెంచా నూనె. ఇది మూడు, నాలుగుసార్లుగా పెట్టాలి, ఒక్కసారే కుప్ప పోస్తే సగం ఈగల పాలు. కోడి మాంసమంటే ఖర్చు అనుకోనక్కర్లేదు. చికెన్ షాపువాళ్ళు అమ్మకుండా పక్కన పడేసే మెడలు, చర్మం, కందనకాయలు చాలా తక్కువకే ఇస్తారు. ఉడికించి ఎముక తీసేసి ఆ నీళ్ళతోనే అన్నం కలపాలి. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి పేగుకి గుచ్చుకుంటుంది కాబట్టి ఎముక తీయడం బద్ధకించకూడదు. హార్బరు నుంచి వచ్చే చేపలావిడ దగ్గర పచ్చి నెత్తళ్ళు, కవళ్ళు దొరికితే అవీ మంచివే, ఉడకబెట్టి ముల్లు తీసి పెట్టాలి. ఎండుచేప మాత్రం వద్దు, అది ఉప్పు. ఉల్లిపాయ వేసిన కూర వద్దు, కుక్కకి ఉల్లి నెత్తురు విరిచేస్తుంది. ఒట్టి చారన్నం, పెరుగన్నం పెడితే కుక్క తోక ఊపుతూ తింటుంది, మనకీ పెట్టామన్న తృప్తి కలుగుతుంది. అందులో పాలుగా మారడానికి మాత్రం ఏమీ ఉండదు. తల్లి తన తొడకండ కరిగించి పిల్లలకి పోస్తుంది.

కాల్షియం గురించి ఒక హెచ్చరిక. కుక్క సూడితో ఉందని జాలిపడి కాల్షియం టానిక్ సీసా కొని పోసేవాళ్ళున్నారు. సూడితో ఉన్నప్పుడు బయటినుంచి పోస్తే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పనిని ఒళ్ళు మందగించేస్తుంది. పిల్లలు పుట్టి పాలు ఎగదన్నేసరికి అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడే పాలజ్వరం వస్తుంది, ఎక్కువగా రెండు నుంచి నాలుగు వారాల మధ్య. తల్లి అటూ ఇటూ తిరుగుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వదు, కాళ్ళు కర్రల్లా బిగుస్తాయి, ఒళ్ళంతా వణుకు, నాలుక బయటపెట్టి రొప్పు, ముట్టుకుంటే కాలిపోతూ ఉంటుంది. పిచ్చెక్కిందేమోనని జనం భయపడి దూరం జరిగేది ఇప్పుడే. ఇది గంటల్లో చంపే జబ్బు, గంటలోపే కుదుటపడే జబ్బు కూడా. పశువైద్యుడు నరానికి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తే కళ్ళముందే వణుకు తగ్గుతుంది. ఇంట్లో మందు లేదు. ఆటో పిలవాలి, వెంటనే. ఆ రోజు పిల్లల్ని తల్లి దగ్గర పాలు తాగనివ్వకూడదు.

ఈ ఊళ్ళో చలి ఏపాటిదని అనుకుంటాం. మనకి శాలువా చాలు. పుట్టిన వారంలో కుక్కపిల్ల తన ఒంటివేడి తను కాపాడుకోలేదు. దాని చుట్టూ 30 డిగ్రీల దాకా వెచ్చదనం ఉండాలి. ధనుర్మాసం తెల్లవారుజామున ఇక్కడ 18, 19 డిగ్రీలకి దిగుతుంది, పైగా మంచు, తడినేల. అంతా తల్లి పొట్ట కిందే సర్దుకోవాలి. కాబట్టి నేలకి తడి తగలకుండా కింద అట్టలు, పైన పాత నేతచీర నాలుగు మడతలు. గోనెపట్టా వద్దు, పీచులో పిల్లల గోళ్ళు చిక్కుకుంటాయి, చిన్న పిల్ల చుట్టుకుని ఉక్కిరిబిక్కిరవుతుంది. పైన రేకుంటే వాన ఆగుతుంది, కానీ మధ్యాహ్నం రేకు కింద కాలిపోతుంది. తాటాకో, కొబ్బరాకులో రేకు మీద పరచాలి. గుడ్డలు రోజూ మార్చాలి. పిల్లలున్న చోట ఫినాయిలుతో కడగకూడదు. నేలకి పొట్ట ఆనించి పాకే ప్రాణం, ఆ మందు చర్మంలోంచే ఎక్కుతుంది. చీమలు రాకుండా గమాక్సిన్ పొడి చల్లేవారు ఒకప్పుడు. ఎన్ని పిల్లలు అలా పోయాయో ఎవరికీ లెక్క లేదు, చచ్చిన పిల్లని చూసి "పాలు పట్టలేదు" అనుకునేవారు. చీమలకి ఉపాయం తిండిగిన్నె పిల్లలకి దూరంగా పెట్టడం, పురిటి మావి, తడిసిన గుడ్డ అక్కడ ఉంచకపోవడం.

ఇప్పుడు ఆ చల్లబడ్డ పిల్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే మంచి మనసుతోనే చంపేది దాన్నే. చల్లగా ఉన్న పిల్లకి వెంటనే పాలు పట్టకూడదు. ఒళ్ళు చల్లబడితే పేగు కదలదు, పోసిన పాలు లోపల పులిసిపోతాయి. ముందు వెచ్చబెట్టాలి. బట్టలోపల మన పొట్టకి ఆనించి పెట్టుకోవచ్చు, లేదా గోరువెచ్చటి నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టొచ్చు. మెల్లగా, గంట పట్టినా సరే. చిటికెన వేలు నోట్లో పెడితే లాగి చప్పరించాలి. అప్పుడే పాలు. వీలైతే తల్లి దగ్గరే, వెనక చన్నుకి అందించాలి, అక్కడే పాలు ఎక్కువ.

తల్లి దగ్గర కుదరకపోతేనే చేత్తో పట్టడం. ఇక్కడ మన అలవాటే శత్రువు. పసిబిడ్డని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోసిన చేతులు కుక్కపిల్లని కూడా అలాగే పడుకోబెడతాయి. కుక్కపిల్ల వెల్లకిలా తాగదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముక్కులోంచి నురగ వస్తుంది, రెండోరోజుకి పోతుంది. బోర్లా, తల్లి దగ్గర తాగినట్టే పొట్ట కిందికి ఉంచి, తల కాస్త పైకెత్తి, సూదిలేని సిరంజితో పెదవి పక్కనుంచి చుక్కచుక్కగా పట్టాలి. రెండో తప్పు, పసివాళ్ళకని పాలల్లో నీళ్ళు కలపడం. కుక్కపాలలో వెన్న, మాంసకృత్తులు ఆవుపాలలో ఉన్నదానికి రెండింతలు. సగానికి సగం నీళ్ళు కలిపితే నాలుగోవంతు బలమే మిగులుతుంది. కుక్కపిల్లల పాలపొడి పెద్ద మందులషాపుల్లో, కుక్కల తిండి అమ్మే కొట్లలో దొరుకుతుంది. రాత్రిపూట ఏమీ దొరక్కపోతే ఒక గ్లాసు మీగడ తీయని పాలల్లో ఒక పచ్చసొన, చెంచా పెరుగు గిలక్కొట్టి గోరువెచ్చగా, ఒకటి రెండు రోజులకి మాత్రమే. మొదటివారం రెండు, మూడు గంటలకోసారి, రాత్రి కూడా. ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా రాయాలి, తల్లి నాకినట్టు. మూడువారాలదాకా అలా రాయకపోతే మూత్రం, దొడ్డి రావు.

బతుకుతోందా లేదా అన్నది బరువు చెబుతుంది. పుట్టినప్పుడు 250 నుంచి 350 గ్రాములుంటుంది. ఎనిమిది, పది రోజులకి రెట్టింపు కావాలి. వంటింటి కాటా మీద రోజూ ఒకే వేళకి తూయాలి. ఒక్కరోజు పెరక్కపోతే జాగ్రత్త, తగ్గితే డాక్టరు.

ఏలికపాముల మాట ఎవరికీ నచ్చదు కానీ తప్పదు. తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి చేరతాయి, పాలల్లోనూ వస్తాయి. కాబట్టి "మా కుక్కకి పురుగుల్లేవు" అనడానికి లేదు. ఎముకలు తేలి పొట్ట మాత్రం డప్పులా ఉన్న పిల్లని చూసి "బాగా తింటోంది" అనుకునేవారు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకి పురుగులమందు. తల్లికీ వాటితోపాటే. బరువు చూసి డాక్టరు చెప్పిన మిల్లీలీటర్లే పొయ్యాలి. పశువులకి వాడే గోమారుమందు, ఇంజెక్షను ఇంత చిన్న కుక్కపిల్లలకి వాడకూడదు, మెదడుకి ఎక్కేస్తుంది. ఆ వయసులో గోమార్లని పట్కారుతో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగి సబ్బునీళ్ళలో వెయ్యడమే మేలు. ఆ పెరట్లో ఆడుకునే పిల్లల చేతులు కడిగించండి, ఆ పురుగు గుడ్లు మనుషుల్లోకీ వస్తాయి.

ఇదంతా గోడవతల చేయాలంటే గోడవతలివాళ్ళు ఒప్పుకోవాలి. వాల్తేరులో ఈ మాట ఎలా కలిపేవారో గుర్తున్నవాళ్ళుంటారు.

"పిన్నిగారూ, మీ రాణి పిల్లల్ని పెట్టిందటగా. ఎన్నండీ?"

"ఆరమ్మా. ఏటి చెయ్యాలో తెలీడం లేదు. మీ బాబాయిగారు వదిలెయ్యమంటున్నారు."

"వదిలెయ్యడం ఎందుకండీ, రెండునెలలు ఉండనివ్వండి, నేను కూడా అడుగుతాను ఎవరైనా తీసుకుంటారేమో. పొద్దున్న మీకు కుళాయి పనుంటుంది కదా, దాని గిన్నె నేను చూస్తాను."

అంతే. "మీరు చూడ్డం లేదు" అన్న మాట ఎక్కడా రాలేదు. ఒక చిన్న పని మనం తీసుకున్నాం, ఒక గడువు అడిగాం. రోజూ ఒకే వేళకి వెళ్తే మూడోరోజుకి గేటు గడియ మనకోసం తీసి ఉంటుంది. ఖర్చు మాట ఎత్తకూడదు, ఇచ్చిన తిండికి లెక్క చెప్పకూడదు. గోడ దూకి పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళ ఆవేశం అర్థమవుతుంది. కానీ కళ్ళు తెరవని పిల్లల్ని తల్లినుంచి విడదీస్తే దక్కడం కష్టం. తల్లి పొదుగు గడ్డకట్టి రాయిలా అవుతుంది, జ్వరం వస్తుంది, మళ్ళీ అక్కడే గొలుసుకి మిగిలిపోతుంది.

చట్టం లేదని కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షను తిండి, నీరు, గూడు ఇవ్వకపోవడాన్నీ, పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టి ఉంచడాన్నీ నేరమే అంది. అందులో మొదటిసారి జరిమానా పది రూపాయలనుంచి యాభై. కొడుతున్నారు, ఆకలితో చంపుతున్నారు అంటే తప్పకుండా ఫిర్యాదు చెయ్యాల్సిందే, ఫొటోలు తేదీలతో ఉంచుకుని. ఈ ఊళ్ళో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది. ధ్యాస లేని ఇంటికి మాత్రం పోలీసుని తీసుకెళ్తే ఆ రాత్రే కుక్కా పిల్లలూ సంచిలో ఎక్కడికో పోతాయి.

పిల్లలకి పదోరోజు దాటాక కళ్ళు విచ్చుకుంటాయి, రెండువారాలకి పూర్తిగా. భోగి నాటికి చాలావాటికి మూడు, నాలుగు వారాలు. పళ్ళు మొలుస్తాయి, తల్లి లేచి నిలబడి పాలివ్వడం మొదలుపెడుతుంది. నూకల జావలో మెదిపిన గుడ్డు, పళ్ళెంలో పల్చగా పెట్టాలి. మొదటిరోజు తినవు, అందులో నడుస్తాయి, తర్వాత కాళ్ళు నాక్కుంటాయి, అలా రుచి తెలుస్తుంది. భోగి మంట ఆరాక ఆ బూడిద గుట్టలో రెండురోజులు వెచ్చదనం ఉండేది. కనుమ పొద్దున్న చూస్తే వీధిలో పిల్లలన్నీ అందులోనే, ఒళ్ళంతా బూడిదతో, మూతి ఒక్కటే నల్లగా. ఆ బూడిద కింద నిప్పు మిగిలుందేమో కర్రతో కెలికి చూసి వదలాలి. కాళ్ళు కాలిన పిల్లలూ ఉండేవి. ఈ వయసు నుంచే బండి తీసేముందు చక్రాల వెనక వంగి చూడాలి.

ఎనిమిది వారాలకి ముందు ఎవరికీ ఇవ్వకూడదు. కరవడంలో ఎంత నొక్కాలో తోబుట్టువులే నేర్పుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు, నాలుగు వారాలకోసారి, నాలుగునెలలు నిండేదాకా. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిందంటే వాంతులు, నెత్తురు విరేచనాలు, విడిచిపెట్టని వాసన. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది, అదే పెరట్లో వచ్చే ఏటి పిల్లల్నీ తీసుకుపోతుంది. "ఆ ఇంట్లో కుక్కపిల్లలు అచ్చిరావు" అనేవారు. ఇల్లు కాదు, మట్టి. రేబిస్ టీకా మూడునెలలకి. జులై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం, ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. తల్లిని కూడా తీసుకెళ్ళాలి. బాలింత కుక్క ఎవరినైనా కరిస్తే పుండుని సబ్బుతో, కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు ఆసుపత్రికి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయం ఇంకా ఉంది జనంలో. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళైంది. ఇప్పుడు చేతికే, నాలుగైదు విడతలు.

పిల్లల్ని అడగడానికి వచ్చేవాళ్ళు గోళ్ళు లెక్కపెట్టేవారు. ముందుకాళ్ళకి ఐదేసి, వెనక్కాళ్ళకి నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. వెనక కూడా ఐదో గోరు ఉంటే ఇరవైగోళ్ళ కుక్క అని ఎగబడి తీసుకునేవారు. మగపిల్లలు ముందు వెళ్ళిపోయేవి. మిగిలేవి ఆడపిల్లలు, గోనెసంచి వాటికే. అందుకే ఆడపిల్లకి ఆపరేషన్ చేయిస్తామని ముందే మాటిస్తే తీసుకునేవాళ్ళు దొరుకుతారు. ఆ మాట నిలబెట్టుకోవాలి.

ఆఖరి పిల్ల వెళ్ళాక తల్లి రెండు, మూడు రోజులు పెరడంతా వాసన చూస్తుంది. చన్నులు నిండి బరువెక్కుతాయి. పిండకూడదు, పిండితే ఇంకా వస్తాయి. తిండి ఒకరోజు సగానికి తగ్గించి తర్వాత మెల్లగా మామూలుకి తేవాలి. ఒక చన్ను ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి. పాలు పూర్తిగా ఇంకడానికి రెండువారాలు. అప్పుడు ఆపరేషన్. పాలుండగా కోస్తే నెత్తురు ఎక్కువ పోతుంది, అందుకే ఆగడం. మళ్ళీ ఎదకి రావడానికి ముందే కావాలి, లేకపోతే వేసవికో, మళ్ళీ చిత్తకార్తెకో ఇంకో చూలు. పిన్నిగారిని అడిగి రోజు ఖాయం చేసుకుని, ముందురాత్రి నుంచి తిండి ఆపి, ఆటోలో కింద పాత దుప్పటి పరిచి తీసుకెళ్ళాలి. తెచ్చాక పది రోజులు కుట్లు నాకకుండా చూడాలి, స్నానం చేయించకూడదు. మళ్ళీ మెడపట్టీ పెట్టేటప్పుడు రెండు వేళ్ళు దూర్చి చూడండి. పాలిచ్చినప్పుడు చిక్కిన మెడ ఇప్పుడు నిండుతుంది, పాత కన్నం బిగుతవుతుంది.